పళ్ళు క్లీన్ చేసే చేయి ఎవరిది?

మా అమ్మ పుట్టింది పొదిలి దగ్గర పల్లెలో. పెళ్ళయి నెల్లూరు వచ్చి నలభై ఏళ్ళు దాటినా, నవ్వేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకునే అలవాటు మాత్రం పోలేదు. చిన్నప్పుడు తాగిన బావి నీళ్ళు ఆమె ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలుగా నిలిచిపోయాయి.

పోయిన ఏడాది చిగుళ్ళలో రక్తం వస్తోందంటే పొగతోటలో ఒక పళ్ళ ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు నోట్లో లైటు వేసి చూసి, "గార బాగా పట్టింది, క్లీనింగ్ చేయించండి" అని చెప్పి పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ అమ్మాయి వచ్చి మిషను చేతిలోకి తీసుకుంది. అరగంటలో పని అయిపోయింది.

"ఏందమ్మా ఇంత రక్తం వస్తా ఉండాది?" అని అమ్మ అడిగింది.

"మామూలే ఆంటీ, ఉప్పునీళ్ళు పుక్కిలించండి, తగ్గిపోద్ది" అంది ఆ అమ్మాయి.

అమ్మకు షుగరుంది. గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచీ రక్తం పలచబడే మాత్ర వేసుకుంటోంది. ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, చెప్పాలని నాకూ తట్టలేదు. రాత్రి తొమ్మిదింటికి కూడా రక్తం ఆగకపోతే మళ్ళీ పరుగెత్తాం. డాక్టరుగారు గుడ్డ ఒత్తిపెట్టి, మందు రాసి ఆపారు. "పొద్దున చేసినమ్మాయి ఏం చదివిందండీ?" అని అడిగాను. "మూడేళ్ళుగా మా దగ్గరే ఉంది, అన్ని పనులూ వచ్చు" అన్నారు. అడిగినదానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ అమ్మాయి చేయి మొరటుదని నేననను. నెమ్మదిగానే చేసిందని అమ్మే చెప్పింది. కానీ ఒక మనిషి నోట్లో పనిముట్టు పెట్టే హక్కు మన దేశంలో ఎవరికుంది, ఎంతవరకుంది అన్నది ఆ రాత్రి నుంచి నన్ను వదల్లేదు. చదివినకొద్దీ తెలిసిందేమిటంటే, చట్టం ఈ విషయం 1948లోనే చెప్పింది. చెప్పిన సంగతి మనదాకా రాలేదు.

పళ్ళ ఆస్పత్రిలో మనకు కనిపించే తెల్లకోట్లన్నీ ఒకటి కాదు. డెంటిస్టు ఉంటారు, బీడీఎస్ అయిదేళ్ళు చదివినవారు. ఆ పైన ఎండీఎస్ చేసి చిగుళ్ళకో, వంకర పళ్ళకో ప్రత్యేకంగా చూసేవారుంటారు. కట్టుడు పళ్ళు తయారుచేసే డెంటల్ మెకానిక్ ఉంటాడు, ఆయన మనకు సాధారణంగా కనిపించడు, అచ్చులు ల్యాబుకే వెళతాయి. పనిముట్లు అందించి, ఉమ్మి లాగే గొట్టం పట్టుకుని, అన్నీ కడిగి, ఆవిరి వేడితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెట్టే అసిస్టెంటు ఉంటుంది. ఈ అందరి మధ్యా ఉండాల్సిన మరో మనిషి డెంటల్ హైజీనిస్ట్. నెల్లూరు, ఒంగోలు ఆస్పత్రులలో ఆ పేరుతో ఒక మనిషిని నేనింతవరకు కలవలేదు.

దంతవైద్యుల చట్టం, 1948 ఈ మనిషిని ఒక్క వాక్యంలో నిర్వచించింది. డెంటిస్టు గానీ మెడికల్ డాక్టరు గానీ కాకుండా, పళ్ళ మీది గారను తీసేవారు, శుభ్రం చేసేవారు, పాలిష్ చేసేవారు, లేదా దంతశుభ్రత గురించి నేర్పేవారు డెంటల్ హైజీనిస్ట్. అంతే. ఇదే చట్టం కింద ఏర్పడిన డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఈ పనికి ఇంటర్ తర్వాత రెండేళ్ళ డిప్లొమా పెట్టింది. అది పాసైనవారు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. డెంటిస్టులకు ఒక రిజిస్టరు ఉన్నట్టే హైజీనిస్టులకు వేరే రిజిస్టరు ఉంటుంది.

ఇక 49వ సెక్షన్ ఉంది. రిజిస్టరైన డెంటిస్టు, రిజిస్టరైన హైజీనిస్టు, రిజిస్టరైన మెకానిక్ తప్ప మరొకరు దంతవైద్యం గానీ, గార తీసి పళ్ళు శుభ్రం చేసే పని గానీ వృత్తిగా చేయకూడదని అందులో ఉంది. అంటే మా అమ్మకు ఆ రోజు జరిగింది, డాక్టరు పక్క కుర్చీ దగ్గరే ఉన్నా, ఈ గీతకు బయటే జరిగింది. శిక్ష ఏమిటో చూస్తే మనసు చివుక్కుమంటుంది. మొదటిసారి రుజువైతే 500 రూపాయల దాకా జరిమానా. మళ్ళీ రుజువైతే ఆరు నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయలకు మించని జరిమానా, లేదా రెండూ. 1948లో 500 రూపాయలంటే పెద్ద మొత్తం. ఇవాళ అది ఒక్కసారి పళ్ళు క్లీన్ చేయించుకుంటే తీసుకునే ఫీజుకు కూడా చాలదు.

ఆ సెక్షన్‌కే మూడు మినహాయింపులున్నాయి. రిజిస్టరైన మెడికల్ డాక్టరు పళ్ళ వైద్యం చేయొచ్చు. అత్యవసరమై, దగ్గరలో డెంటిస్టు దొరకనప్పుడు, ఎవరైనా సరే మత్తు సూది వేయకుండా పన్ను పీకొచ్చు. ప్రభుత్వ నిధులతో, స్థానిక సంస్థల నిధులతో నడిచే ఆస్పత్రుల్లో జరిగే పళ్ళ పనికి ఈ నిషేధం వర్తించదు. రెండోది చదివినప్పుడు ఆనాటి పల్లె కళ్ళ ముందు కదిలింది. రోడ్డు లేదు, బస్సు లేదు, పన్ను నొప్పితో దవడ వాచిన మనిషిని మంచానికి పట్టి కూర్చున్నారు. ఆ రోజులకు అది దయతో రాసిన మాటే. మూడోది మాత్రం నాకు మింగుడుపడదు. డబ్బు పెట్టలేక సర్కారు ఆస్పత్రికి వెళ్ళేవారికే కదా ఎక్కువ కాపుదల ఉండాల్సింది.

చట్టం ఒక్క వాక్యంలో చెప్పడం వల్ల తేలికా ఉంది, చిక్కూ ఉంది. గార తీయడం అంటే ఎంతవరకు? పంటి మీద, చిగురు అంచున కనిపించే గార ఒకటి. చిగురు కిందికి దిగి వేరును అంటుకున్న గార మరొకటి. ఆరోగ్యంగా ఉన్న నోట్లో చిగురుకూ పంటికీ మధ్య సందు మూడు మిల్లీమీటర్లకు మించదు. జబ్బు ముదిరితే అయిదు, ఆరు, ఏడు మిల్లీమీటర్ల గుంటలు పడతాయి. ఆ గుంటలో కంటికి కనపడకుండా, చేతి స్పర్శతోనే వేరును గీకి నున్నగా చేయాలి. దానికి చాలాసార్లు మత్తు సూది కావాలి. మత్తు ఇవ్వడం, ఎక్స్‌రే తీయడం దంతవైద్యం కిందికే వస్తాయని చట్టం విడిగా చెప్పింది, కాబట్టి అవి హైజీనిస్టు పనులు కావు. కానీ "గార తీయడం" అన్న మాటకు లోతు ఎంతో మాత్రం ఆ నిర్వచనం చెప్పలేదు. పిల్లల పళ్ళకు ఫ్లోరైడ్ పూత పూయడం, దవడ పళ్ళ గాడుల్లో పిప్పి పట్టకుండా సీలెంట్ నింపడం గురించి కూడా అందులో ఒక్క మాట లేదు. డాక్టరు పక్కనే ఉండాలా, అదే భవనంలో ఉంటే చాలా, చూసి రాసిచ్చి వెళితే చాలా అన్న సంగతీ ఆ వాక్యంలో లేదు.

ఇవన్నీ కాగితం మీది తగవులని అనుకునేవారుంటారు. స్కేలింగ్ మిషను, అంటే గార తీసే మిషను సంగతి ఒకసారి చూడండి. దాని మొన సెకనుకు పాతిక వేలసార్లకు పైగా కంపిస్తుంది. మొన పక్కభాగాన్ని పంటికి ఆనించి కదిలిస్తూ ఉంటే గార రాలిపోతుంది. మొన కొసను నిలువుగా గుచ్చి ఒకేచోట ఆపితే పంటి మీద గీతలు పడతాయి. నీళ్ళు సరిగా రాకపోతే వేడి పుడుతుంది. దాని నుంచి లేచే తుంపర గదంతా పరుచుకుంటుంది, అందులో లాలాజలం, రక్తం, సూక్ష్మజీవులు ఉంటాయి. ఒకరి నోట్లో పెట్టిన మొనను ఆటోక్లేవ్‌లో ఉడికించకుండా స్పిరిటుతో తుడిచి ఇంకొకరికి వాడితే హెపటైటిస్-బి లాంటివి అంటుకునే ప్రమాదం ఉంది. ఇవి మూడేళ్ళు పక్కన నిలబడి చూస్తే చేతికి వచ్చేవే కావచ్చు. ఎందుకలా చేయాలో, ఎవరికి చేయకూడదో చూస్తే రాదు, చదివితేనే వస్తుంది.

ఎవరికి చేయకూడదన్నదే అసలు సంగతి. రక్తం పలచబడే మందు వాడేవారికి ముందు జాగ్రత్త కావాలి. కృత్రిమ గుండె కవాటం పెట్టించుకున్నవారికి స్కేలింగ్‌కు ముందే యాంటీబయాటిక్ వేయాలి, లేకపోతే చిగుళ్ళ నుంచి రక్తంలోకి చేరిన బ్యాక్టీరియా గుండెలో తిష్ఠ వేయొచ్చు. కొన్ని పాత రకం మిషన్లు పేస్‌మేకర్ ఉన్నవారి దగ్గర వాడే ముందు ఆలోచించాలి. షుగరు, చిగుళ్ళ జబ్బు ఒకదాన్ని ఒకటి పెంచుకుంటాయి. షుగరు అదుపు తప్పితే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. మా అమ్మను ఆ రెండు నిమిషాలు అడిగి ఉంటే ఆ రాత్రి టెన్షన్ ఉండేది కాదు.

హైజీనిస్టు నిర్వచనంలో సగం నేర్పడమేనని గమనించండి. మన ఊళ్ళలో పళ్ళు క్లీన్ చేయిస్తే కదిలిపోతాయన్న భయం గట్టిగా ఉంది. దానికి కారణం లేకపోలేదు. ఏళ్ళ తరబడి పేరుకున్న గార, ఎముక కరిగి వదులైన పళ్ళను సిమెంటులా పట్టి ఉంచుతుంది. గార తీయగానే పళ్ళ మధ్య సందులు బయటపడతాయి, వదులు తెలుస్తుంది, చల్లనీళ్ళు జివ్వుమంటాయి. పన్ను కదిలింది జబ్బు వల్ల, బయటపడింది క్లీనింగ్ వల్ల. ఈ సంగతి పని మొదలుపెట్టక ముందే కూర్చోబెట్టి చెప్పేవారుండాలి. వేపపుల్ల వాడే పెద్దాయనకు చిగురు కోసుకుపోకుండా ఎలా తోముకోవాలో, మూడేళ్ళలోపు పాపకు పేస్టు బియ్యపుగింజంతే ఎందుకు పెట్టాలో చెప్పేవారుండాలి. రోజుకు నలభైమందిని చూసే డాక్టరుకు అంత తీరిక ఎక్కడిది?

మన ప్రాంతానికి వచ్చేసరికి ఈ గీతల గొడవ ఇంకో మలుపు తిరుగుతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళకూ ఎముకలకూ వచ్చే జబ్బు గురించి తొలి వైద్య నివేదిక వచ్చింది 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు రాశారు. అంతకు ముందే, దుక్కిటెద్దులు కాళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం రైతులు గమనించారని చెబుతారు. పొదిలి, కనిగిరి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళాయి. జిల్లా పేర్లు మారాయి గానీ నేల కింది రాయి మారలేదు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిదని, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన జాతీయ ప్రమాణం. దాన్ని దాటిన బోర్లు ఆ పక్క ఎన్నో ఉన్నాయి.

ఆ పల్లెల నుంచి వచ్చేవారు పళ్ళ ఆస్పత్రిలో మొదట అడిగేది ఒకటే, "ఈ గార తీసెయ్యండి" అని. మా అమ్మా అదే అడిగింది. ఇక్కడ ఒకే మాట రెండు వేర్వేరు సంగతులకు వాడుతున్నాం. పాచి గట్టిపడి పంటి పైన పేరుకున్న గార వేరు. ఫ్లోరైడ్ మచ్చ వేరు. ఎనిమిదేళ్ళలోపు, పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే ఎక్కువైన ఫ్లోరైడ్ పంటి పింగాణీని గుల్లగా చేస్తుంది. పన్ను సున్నంలా తెల్లటి మచ్చలతో బయటికొస్తుంది. తర్వాత్తర్వాత ఆ గుల్లలోకి రంగు దిగి గోధుమరంగవుతుంది. ఆ రంగు పంటి లోపలే ఉంది, ఎంత స్కేలింగ్ చేసినా పోదు. పోతుందని చెప్పి నాలుగుసార్లు చేయించినా, పోవాలని మొనను గట్టిగా ఒత్తినా, అసలే గుల్లబారిన పింగాణీ ఊడివస్తుంది. పై పొరను సన్నగా అరగదీయడం, బ్లీచింగ్, పంటి ముందు వెనీర్ అనే పలచటి రేకు అతికించడం లాంటి దారులున్నాయి. అవి డెంటిస్టు చూసి, తేల్చి, తన చేత్తో చేయాల్సినవి.

హైజీనిస్టు హద్దు ఎక్కడుందో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు. పై గార తీసి, లోపలి మచ్చను గుర్తుపట్టి, "ఇది నా పని కాదమ్మా, డాక్టరుగారు చూడాలి" అని ఆగిపోవడం ఆ చదువు నేర్పే విద్య. సంతల్లో, తిరునాళ్ళలో యాసిడ్ లాంటి మందు రుద్ది తళతళలాడించి పంపే చేతికి ఆ ఆగడం తెలియదు.

ఈ వృత్తి పుట్టిన తీరు తెలుసుకున్నాక నాకు మా అమ్మకు క్లీనింగ్ చేసిన అమ్మాయి మళ్ళీ గుర్తొచ్చింది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, బ్రిడ్జిపోర్ట్ పట్నంలో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే డెంటిస్టు ఉండేవాడు. ఆయన దగ్గర అసిస్టెంటుగా ఉన్న ఐరీన్ న్యూమన్ ఆయనకు వరసకు చెల్లెలు. 1906లో ఆమెకు పళ్ళు శుభ్రం చేయడం నేర్పాడు. అంటే మొదటి హైజీనిస్టు కూడా డాక్టరు పక్కన నిలబడి నేర్చుకున్న అసిస్టెంటే. అయితే కథ అక్కడ ఆగలేదు. 1913లో ఆయన అందుకోసం ఒక బడి తెరిచాడు, శరీర నిర్మాణం దగ్గర నుంచి సూక్ష్మజీవుల దాకా పాఠాలు చెప్పించాడు. అక్కడ చదివినవారు ఊరి బడుల్లోకి వెళ్ళి పిల్లల పళ్ళు చూశారు. 1917లో న్యూమన్‌కు రాష్ట్రం లైసెన్సు ఇచ్చింది.

ఆ తర్వాత ఆ దేశంలో ఒక్కో రాష్ట్రం ఒక్కో గీత గీసుకుంది. వాషింగ్టన్ రాష్ట్రం 1971లోనే హైజీనిస్టులు మత్తు సూది వేయడానికి ఒప్పుకుంది. ఇంగ్లండులో 2013 మే నుంచి డెంటిస్టు చీటీ లేకుండా రోగి నేరుగా హైజీనిస్టు దగ్గరికి వెళ్ళొచ్చు. చదువు పెంచి, దానికి తగ్గట్టు హద్దు జరిపారు. డెంటిస్టుల సంఘాలు చాలాచోట్ల వద్దన్నాయి, రోగి భద్రత అన్నాయి. అందులో నిజమైన ఆందోళన ఉంది, ఆదాయం భయమూ ఉంది. రెంటినీ విడదీసి చూడాలి.

మనకు హైజీనిస్టులు ఎందుకు కనిపించరంటే, లెక్క సులువు. దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి. నెల్లూరులోనే చింతారెడ్డిపాళెంలో ఒకటి ఉంది. ఏటా బయటికొచ్చే బీడీఎస్ పిల్లలు ఉద్యోగం కోసం తిరుగుతుంటే, ఏ క్లినిక్ యజమాని హైజీనిస్టును వెతికి పెట్టుకుంటాడు? పెద్ద పని డాక్టరు చేస్తాడు, చిన్న పని తక్కువ జీతానికి దొరికిన అసిస్టెంటు చేస్తుంది. మధ్యలో ఉండాల్సిన మెట్టు కట్టకుండానే ఇల్లు లేచింది. పైగా డాక్టర్లు పట్నాల్లో గుమిగూడారు. కనిగిరి పక్క పల్లెలో బడిపిల్లల పళ్ళు చూసి, తోమడం నేర్పి, మచ్చలున్నవారిని విడిగా రాసి పై ఆస్పత్రికి పంపడానికి అయిదేళ్ళ చదువు అక్కర్లేదు, ఈ రెండేళ్ళ చదువు సరిగ్గా సరిపోతుంది. మండలానికొక హైజీనిస్టును సర్కారు పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను.

1948 చట్టం స్థానంలోకి తేవడానికి 2023లో పార్లమెంటు జాతీయ డెంటల్ కమిషన్ చట్టం చేసింది. డెంటిస్టులకూ, హైజీనిస్టుల్లాంటి సహాయక సిబ్బందికీ ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకునేలా జాతీయ రిజిస్టర్లు ఉండాలంది. నైతికత, రిజిస్ట్రేషన్ చూసే బోర్డుకు వృత్తి పరిధిని నియంత్రించే పని కూడా అప్పగించింది. 1948 వాక్యం వదిలేసిన ఖాళీలు పూడ్చే చోటు ఇదే. చిగురు కింద ఎంత లోతు, ఫ్లోరైడ్ పూత ఎవరి చేతి పని, డాక్టరు ఎంత దూరంలో ఉండాలి, బడిలో అయితే ఎలా, క్లినిక్‌లో అయితే ఎలా అన్నవి ఒక్కొక్కటీ విడమరిచి రాయాలి. ఇన్నేళ్ళు అసిస్టెంట్లుగా చేసినవారికి చదువులో చేరే దారి కూడా అందులో ఉండాలి.

అప్పటిదాకా రోగి చేతిలో ఉన్నది అడగడమే. కుర్చీలో పడుకోకముందే "మీరు డెంటిస్టా, హైజీనిస్టా?" అని అడగొచ్చు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు గోడ మీద ఉందేమో చూడొచ్చు. వాడే మందుల చీటీ ముందుగానే చూపించాలి. మర్యాదగా అడిగితే మంచి డాక్టరెవరూ నొచ్చుకోరు.

ఆర్నెల్ల తర్వాత అమ్మను మళ్ళీ చూపించాల్సి వచ్చి, అదే ఆస్పత్రికి వెళ్ళాం. ఈసారి మందుల చీటీ మొదట టేబుల్ మీద పెట్టాను. డాక్టరుగారు చదివి, గుండె డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, తనే కూర్చుని చేశారు. ఆ అమ్మాయి గొట్టం పట్టుకుని నిలబడింది. బయటికొచ్చేటప్పుడు అమ్మే ఆగి, "ఏం చదువుకున్నావు పాపా?" అని అడిగింది.

"ఇంటర్ బైపీసీ ఆంటీ. ఈ పనికి వేరే కోర్సుందని నాకెవరూ చెప్పలేదు."

ఉందని చెప్పాను. ఎన్నేళ్ళని అడిగింది. రెండేళ్ళన్నాను. పేరు ఒకసారి రాసిమ్మంది. మందుల చీటీ వెనకే రాసిచ్చాను.